బండి రెండోసారి ఎంత దూరం పోయింది?

సైన్స్ ఫెయిర్ దగ్గరపడిందంటే బడి చుట్టుపక్కల ఫ్యాన్సీ షాపుల్లో థర్మాకోల్‌కి గిరాకీ పెరుగుతుంది. మెట్రో రైలు, ఓడరేవు, ఫ్లైఓవర్ అన్నీ రంగులు పూసుకుని, జెండాలు గుచ్చుకుని బల్లల మీదికి ఎక్కుతాయి. పక్కన నిలబడ్డ పిల్ల బట్టీపట్టిన పది వాక్యాలు తడబడకుండా చెబుతుంది. ఆ పిల్లని ఒక్క మాట అడిగి చూడండి: "మొదటిసారి చేసినప్పుడు ఏది కుదరలేదమ్మా? తర్వాత ఏం మార్చావు?" చాలామంది దగ్గర జవాబుండదు. అది పిల్లల లోపం కాదు. మొదటిసారి కుదరకపోవడానికీ, మార్చి మళ్లీ చూసుకోవడానికీ మనం వాళ్లకి వేళ ఇవ్వలేదు.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సైన్స్ చెబుతున్నవాళ్ల కోసం, ముఖ్యంగా డీఎస్సీ రాసి కొత్తగా బడిలో చేరినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. గమనం, దూరాల కొలత, బలం, ఘర్షణ ఈ మూడు తరగతుల్లోనే వస్తాయి. వీటిని చేతులతో చేయించి నేర్పడానికి రవాణాని మించిన దారి నాకు కనిపించలేదు. ఎందుకంటే ప్రతి పిల్లవాడూ రోజూ ఏదో ఒక బండి ఎక్కి గానీ, బండ్లని తప్పించుకుంటూ నడిచి గానీ బడికి వస్తాడు. ఆటో వంపులో ఎటు ఒరుగుతుందో, వానలో సైకిల్ బ్రేకు ఎందుకు పట్టదో వాళ్ల ఒంటికి తెలుసు. ఆ తెలిసినదాన్ని కొలతలోకి తేవడమే మన పని.

మొదటి ప్రాజెక్టుగా మూతల బండి చేయించండి. నాలుగు నీళ్ల సీసా మూతలు, ఒక అట్టముక్క, ఇరుసులకి అగరబత్తి పుల్లలు. ఇరుసు తిరగడానికి గొట్టం కావాలి. ప్లాస్టిక్ స్ట్రాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం, వాటి జోలికి పోవద్దు. అయిపోయిన రీఫిల్ గొట్టాలు చాలు. పుల్ల వాటిలో వదులుగా తిరుగుతోందా లేదా అన్నది ముందే చూసుకోవాలి. బిగుతుగా ఉంటే లావు రీఫిల్ వెతకాలి.

పిల్లలు ముందు తంటాలు పడేది మూతకి నడిమధ్యన బెజ్జం పెట్టే దగ్గర. కంటి అంచనాతో పొడిచేస్తారు. బండి కుంటుతుంది. అప్పుడు వెంటనే ఉపాయం చెప్పెయ్యకండి, కాసేపు కుంటనివ్వండి. ఆ తర్వాత మూతని కాగితం మీద పెట్టి గీయించి, ఆ గుండ్రాన్ని కత్తిరించి, సగానికి ఒకసారి, మళ్లీ సగానికి ఒకసారి మడవమనండి. మడతలు కలిసిన చోటే కేంద్రం. లెక్కల పుస్తకంలో వ్యాసం అని చదివిన గీత ఇక్కడ బండి కుంటు మాన్పుతుంది. కొన్ని మూతల మీద అచ్చులో పడిన చిన్న బొడిపె సరిగ్గా మధ్యనే ఉంటుంది. దాన్ని ఎవరో ఒకరు కనిపెట్టి గట్టిగా అరుస్తారు. అరవనివ్వండి. బెజ్జాలు మాత్రం మీరే పెట్టాలి. వేడిచేసిన సూది పిల్లల చేతికి ఇవ్వకూడదు.

బండి తయారయ్యాక ఒక పలక చెక్కని రెండు పుస్తకాల ఎత్తున వాలుగా పెట్టి, పైనుంచి వదలాలి. తొయ్యకూడదు, వదలాలి. ఈ తేడా మొదటి రోజే గట్టిగా చెప్పండి, లేకపోతే ప్రతి జట్టూ చేతి బలాన్నే కొలుస్తుంది. నేల మీద ఎంత దూరం పోయిందో టేపుతో కొలిచి రాయాలి. ఒక్కో మార్పుకి మూడుసార్లు వదిలి సగటు తియ్యాలి. ఒకసారి ఒక్కటే మార్చాలి: నున్నటి గచ్చు బదులు గోనెపట్టా పరిచి చూడటం, లేదా బండి మీద రెండు పెన్సిల్ సెల్లులు ఎక్కించడం, లేదా ఇరుసుకి చుక్క కొబ్బరినూనె రాయడం. నూనె రాసి, బరువూ ఎక్కించి, పట్టా కూడా పరిచిన జట్టుకి దూరం మారుతుంది గానీ ఎందుకు మారిందో తెలియదు. నోటుబుక్కులో "ఏం మార్చాం", "ఏమవుతుంది అనుకున్నాం", "ఏమైంది" అని మూడు గడులు గీయించండి. రెండో గడి బండి వదలకముందే నిండాలి. ఈ ఒక్క నియమం దగ్గర మీరు మెత్తబడకండి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఏడో తరగతిలో ఒక జట్టు బండి ఎప్పుడు వదిలినా ఎడమవైపుకే పోయేది. "నేల వాలుగా ఉంది సార్" అన్నారు మగపిల్లలు. జట్టులో ఉన్న ఒక పిల్ల చెక్కని ఎత్తి గదికి అటు చివర పెట్టి, బండిని ఎదురు దిక్కుగా వదిలింది. నేల వాలే కారణమైతే బండి మళ్లీ అదే గోడవైపు, అంటే ఈసారి తన కుడికి పోవాలి. కానీ అది మళ్లీ తన ఎడమకే పోయింది. "నేల కాదు సార్, బండే" అంది. స్కేలు పెట్టి కొలిస్తే రెండు ఇరుసుల మధ్య దూరం ఒక పక్క కాస్త ఎక్కువ, ఇంకో పక్క కాస్త తక్కువ వచ్చింది. ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు. హైవే పక్కన టైర్ల షాపుల మీద 'వీల్ అలైన్‌మెంట్' అని రాసుండేది దీని గురించేనని అప్పుడు చెబితే తరగతంతా విన్నది. పాఠం మొదట్లోనే చెప్పి ఉంటే అందులో సగంమంది కూడా వినేవాళ్లు కాదు.

రెండోది సైకిల్. ఇందుకు ఏమీ కొనక్కర్లేదు. ఒక పిల్లవాడి సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి, వెనక టైరు మీద సుద్దతో గీత పెట్టండి. పెడల్‌ని ఒక్క చుట్టు తిప్పితే చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టమనండి. తర్వాత పళ్లు లెక్కపెట్టించండి. ముందు పళ్ల చక్రానికి 44, వెనక ఫ్రీవీల్‌కి 18 ఉన్నాయనుకుందాం. 44ని 18తో భాగిస్తే దాదాపు రెండున్నర. టైరు మీద తాడు చుట్టి కొలిస్తే పెద్ద సైకిల్‌కి చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు వస్తుంది. అంటే ఒక్క తొక్కుకి 5 మీటర్ల పైచిలుకు. గ్రౌండ్‌లో తొక్కించి, టేపుతో కొలిచి సరిచూసుకోండి. లెక్కలో వచ్చిన అంకె నేల మీద కూడా వచ్చినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. నిష్పత్తి అన్న పాఠం మీద వాళ్లకి మొదటిసారి నమ్మకం కుదురుతుంది. ఊళ్లో ఎవరికైనా గేర్ సైకిల్ ఉంటే దాన్నీ తెప్పించండి. ఎత్తు ఎక్కేటప్పుడు వెనక పెద్ద పళ్ల చక్రం మీదికి చైన్ ఎందుకు వెయ్యాలో పళ్ల లెక్కే చెబుతుంది: తొక్కు తేలికవుతుంది, తొక్కుకి పోయే దూరం తగ్గుతుంది. ఒక లాభం కోసం ఇంకొకటి వదులుకోవడమే యంత్రాల సంగతంతా. లారీ గేరుబాక్సు కూడా అదే పని చేస్తుంది.

ఈ పాఠానికి ఊళ్లో సైకిల్ షాపు ఆయన్ని పిలవండి. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిదారుల దగ్గర నేర్చుకునే వీలు పెట్టమంది. వడ్రంగి, తోటమాలి, కుమ్మరి లాంటి పనులని అందులో పేర్లు పెట్టే చెప్పారు. మెకానిక్‌ని పిలవడానికి అంతకన్నా ఆధారం అక్కర్లేదు. వచ్చినాయనకి కుర్చీ వెయ్యండి, పిల్లల చేత 'గారు' అనిపించండి, టీ ఇప్పించండి. ట్యూబుని నీళ్లలో ముంచి బుడగలతో పంక్చర్ వెతకడం, తిరుగుతున్న చక్రం వంకరని కంటితో పట్టి ఒక్కో ఊచనీ బిగించి సరిచెయ్యడం ఆయన చేసి చూపిస్తాడు. మనం చెప్పలేని సంగతులు ఆయన చేతుల్లో ఉన్నాయి.

పిల్లల్లో ఆటో డ్రైవర్ల బిడ్డలు, లారీ క్లీనర్ల బిడ్డలు, ఆర్టీసీ కండక్టర్ల బిడ్డలు ఉంటారు. తతిమ్మా పీరియడ్లలో వెనక బెంచీలో నోరు విప్పని పిల్లవాడు "మా నాన్న లోడు ఎక్కువైతే దిగుడులో మూడో గేరులోనే దించుతాడు సార్, బ్రేకు వేడెక్కుద్ది" అని చెబుతాడు. అది బ్రేకుల్లో ఘర్షణ గురించి పుస్తకంలో ఉన్నదానికంటే మంచి వాక్యం. బోర్డు మీద రాయండి, పక్కన అతని పేరు కూడా రాయండి. ఈ పాఠాలు రవాణాతో చెప్పాలని నేను ఇంతగా పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో పనిచేసేవాళ్లకి ఇంకో వరం ఉంది. అది లాకులు. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన ఆనకట్ట పొలాలకి నీళ్లివ్వడమే కాదు, దాని కాలువలు పడవలకి రోడ్లుగా కూడా పనిచేశాయి. కాలువ మట్టం మారిన చోటల్లా పడవ దిగడానికీ ఎక్కడానికీ లాకు కట్టారు. చాలా ఊళ్లలో పిల్లలు లాకుల మీదుగానే బడికి వస్తారు, కానీ అది ఏం పని చేసేదో వాళ్లకి తెలియదు. పడవని పైకి ఎత్తడానికి అక్కడ మోటారు లేదు, పంపు లేదు. రెండు తలుపుల మధ్య ఒక గది. కింది తలుపు మూసి పై కాలువ నీళ్లని గదిలోకి వదిలితే పడవ తానే పైకి లేస్తుంది. రెండు వైపులా మట్టం సమానమయ్యాక పై తలుపు తెరుచుకుంటుంది. తలుపులు రెండు రెక్కలుగా, పైనీళ్ల వైపుకి కోణంగా మూసుకునేలా కడతారు. ఎగువ నీళ్ల ఒత్తిడే వాటిని బిగించి పడుతుంది. 1914లో తెరిచిన పనామా కాలువలో ఓడల్ని సముద్రమట్టానికి 26 మీటర్ల ఎత్తుకి ఎక్కించేది కూడా ఈ సూత్రమే.

దీని నమూనాకి మూడు పాత్రలు చాలు. మధ్యలో మెడ కోసేసిన పాత 20 లీటర్ల మంచినీళ్ల టిన్ను పెట్టండి, పక్కనించి నీటిమట్టం కనిపిస్తుంది. ఒక పక్క ఇటుకల మీద ఎత్తుగా ఒక టబ్బు, అది పై కాలువ. ఇంకో పక్క నేల మీద ఇంకో టబ్బు, అది కింది కాలువ. టిన్నుకి బెజ్జాలు పెట్టే పనిలేదు. చేపల తొట్టికి వాడే సన్న గొట్టాన్ని నీళ్లలో పూర్తిగా ముంచి నింపి, రెండు చివరలూ వేళ్లతో మూసి ఒక కొస పై టబ్బులో, ఇంకో కొస టిన్ను నీళ్లలో వదిలితే నీళ్లు వాటంతట అవే దిగుతాయి. బట్టల క్లిప్పుతో గొట్టాన్ని నొక్కితే అదే మీ తలుపు. నోటితో పీల్చనివ్వకండి. అట్టతో గానీ అల్యూమినియం రేకుతో గానీ పడవ చేసి, అందులో చిల్లర నాణేలు వేసి తేలించండి. రెండు మట్టాలూ సమానం అయ్యేదాకా పడవని చేత్తో దాటించకూడదన్నది ఆట నియమం. మధ్య టిన్ను పై టబ్బు నీటిమట్టం కంటే ఎత్తుగా ఉండాలని మర్చిపోవద్దు, లేకపోతే గదంతా నీళ్లే.

నమూనా పనిచేశాక అసలు ప్రశ్న అడగండి: ఒక పడవ దాటినప్పుడల్లా పైనుంచి కిందికి ఎన్ని నీళ్లు పోతున్నాయి? టిన్నులో మట్టం ఎన్ని సెంటీమీటర్లు పెరిగిందో, టిన్ను అడ్డుకొలత ఎంతో తీసుకుంటే లీటర్లలో వస్తుంది. వేసవిలో కాలువలో నీళ్లు తక్కువైతే పడవకి ఇవ్వాలా, పొలానికి ఇవ్వాలా? పిల్లల్ని రెండు జట్లుగా చేసి వాదించుకోమనండి. సోషల్ టీచర్‌ని కూడా ఆ పీరియడ్‌కి పిలిస్తే బాగుంటుంది. ఊళ్లో పడవల కాలం చూసిన పెద్దలు ఎవరైనా ఉంటే పిల్లల చేత మాట్లాడించండి. ఆ తరం మనతో ఎక్కువ కాలం ఉండదు.

ఎనిమిదో తరగతికి ఆగే దూరం నేర్పడం నా దృష్టిలో తప్పనిసరి. ఇంకో మూడు నాలుగేళ్లకి వీళ్లే బండి నడుపుతారు. 30 సెంటీమీటర్ల స్కేలుని ఒకరు పైకొసన పట్టుకుంటారు, ఇంకొకరు కింద సున్నా దగ్గర వేళ్లు తెరిచి ఉంచుతారు. చెప్పకుండా వదిలితే ఎక్కడ పట్టుకున్నారో చూడాలి. 10 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే దాదాపు 0.14 సెకన్లు, 20 దగ్గరైతే 0.20, 30 దగ్గరైతే 0.25. అదే స్కేలు వదిలేటప్పుడు పిల్లవాడి చేత పదమూడో ఎక్కం చెప్పించండి. అంకె ఎంత మారిందో రాయించండి. ఫోన్‌లో మాట్లాడుతూ బండి నడపకూడదని మనం వందసార్లు చెప్పిన మాటని ఇప్పుడు వాళ్లే కొలిచి పట్టుకుంటారు.

తర్వాత గ్రౌండ్‌లోకి తీసుకెళ్లండి. గంటకి 40 కిలోమీటర్లంటే సెకనుకి 11 మీటర్లు. రోడ్డు మీద మనిషి ప్రమాదాన్ని చూసి, గ్రహించి, బ్రేకు మీద కాలు వెయ్యడానికి స్కేలు ఆటలో కన్నా చాలా ఎక్కువ పడుతుంది. దాన్ని ఒక సెకనుగా తీసుకుందాం. అంటే బ్రేకు పడకముందే 11 మీటర్లు పోయింది. 60 అయితే దాదాపు 17. సుద్దతో గీతలు గీయించి, రెంటి మధ్యా పిల్లల్నే నడిపించండి. బ్రేకు పడ్డాక పోయే దూరం ఇంకా వేరు. వేగం రెట్టింపైతే అది నాలుగు రెట్లవుతుంది. ఈ పాఠం కోసం రోడ్డు మీదికి మాత్రం వెళ్లకండి. వాహనాలు లెక్కపెట్టే సర్వే చేయిస్తే గేటు లోపల నిలబెట్టే చేయించండి.

వంతెనల గురించి క్లుప్తంగా చెబుతాను. అరవింద్ గుప్తా పేరు మీరు వినే ఉంటారు. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, పుణెలో టెల్కో లారీల తయారీలో ఇంజినీరుగా ఉన్న ఆయన 1978లో ఏడాది సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్స్ బోధన కార్యక్రమానికి వెళ్లారు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు కలిపి ఆకారాలు చేయించే పద్ధతి అక్కడ పుట్టిందే. 2018లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. మందు గీకేసిన పుల్లలతో చతురస్రం చేసి నొక్కితే పక్కకి ఒరుగుతుంది. త్రిభుజం ఒరగదు. ఆ త్రిభుజాలతో రెండు బెంచీల మధ్య వంతెన కట్టించి, నడుమ సంచి వేలాడదీసి, ఎన్ని నాణేలకి వంగిందో చూడండి. ఆ తర్వాత 1974 నాటి రాజమండ్రి రోడ్డు కం రైలు బ్రిడ్జి ఫొటో చూపిస్తే త్రిభుజాలు వాళ్లే లెక్కపెడతారు.

ఇదంతా నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో, యాభైమంది పిల్లలతో ఎలా అంటారు. అన్ని పాఠాలకీ చెయ్యక్కర్లేదు. ఏడాదికి మూడు బాగా చేస్తే చాలు. లెక్కల సార్‌నో మేడమ్‌నో అడిగి రెండు పీరియడ్లు కలుపుకోండి. సగటు, నిష్పత్తి, చుట్టుకొలత అన్నీ వాళ్లవే కాబట్టి కాదనరు. జట్టుకి అయిదుగురు, అంతకు మించితే ఇద్దరు కిటికీలోంచి చూస్తుంటారు. పనులు పంచండి: వదిలేవాళ్లు, కొలిచేవాళ్లు, రాసేవాళ్లు, సామాను చూసేవాళ్లు, మిగతా జట్లకి చెప్పేవాళ్లు. ఆ పనులు తప్పకుండా మార్చండి. మార్చకపోతే స్క్రూడ్రైవర్ ఎప్పుడూ మగపిల్లల చేతిలో, అందంగా రాసే పని ఎప్పుడూ ఆడపిల్లల చేతిలో ఉండిపోతుంది. ఇది తనంతట తాను సర్దుకోదు. మీరు పేర్లు పిలిచి మార్చాల్సిందే.

మార్కుల సంగతి. ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి ఎలాగూ మార్కులున్నాయి. వాటిని బండి అందానికి వెయ్యకండి, నోటుబుక్కులో ఉన్న మూడు గడులకి వెయ్యండి. బండి కదలకపోయినా, ఎందుకు కదల్లేదో వెతికి రెండు మార్పులు రాసిన జట్టుకి పూర్తి మార్కులు ఇవ్వండి. ఆ సంగతి మొదటి రోజే బోర్డు మీద రాసి పెట్టండి. లేకపోతే రెండో రోజుకల్లా ఇంట్లో అన్నయ్యలు చేసిచ్చిన బండ్లు, ఆన్‌లైన్‌లో కొన్న కిట్లు వస్తాయి. వాటిని తిప్పి పంపడం బాధగా ఉంటుంది, కానీ తిప్పి పంపాలి.

మోటారు బండి చేస్తామని ఎనిమిదో తరగతివాళ్లు అడుగుతారు, చేయించండి. పెన్సిల్ సెల్లులే వాడాలి. పాత ఫోన్లలోంచి, పవర్ బ్యాంకుల్లోంచి తీసిన లిథియం బ్యాటరీ తరగతిలోకి రానివ్వకండి. నొక్కుకుపోయినా, తీగలు కలిసినా మంట లేస్తుంది. బ్లేడ్లు లెక్కపెట్టి ఇవ్వండి, లెక్కపెట్టి తీసుకోండి.

మీ బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే తాళం తీయించి, వారానికి ఒక పీరియడ్ టైంటేబుల్లో రాయించుకోండి. నీతి ఆయోగ్ 2016 నుంచి ఆరు నుంచి పన్నెండు తరగతుల కోసం పెట్టిన ల్యాబ్ అది, బడికి 20 లక్షల దాకా ఇస్తుంది. అందులో ఉండే అల్ట్రాసోనిక్ సెన్సార్‌ని మోటారు బండికి పెట్టి, ఎదుట గోడ రాగానే ఆగేలా చేయించవచ్చు. ఆ పని చేసేటప్పుడు, రైళ్లు ఢీకొనకుండా వాటంతట అవే ఆగేలా చేసే కవచ్ గురించి చెప్పండి. 2022 మార్చి 4న దక్షిణ మధ్య రైల్వేలో గుల్లగూడ, చిట్గిడ్డ స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఎక్కిన ఇంజినే ఎదుటి ఇంజినుకి 380 మీటర్ల దూరంలో తానే ఆగిపోయింది. కవచ్‌లో వాడేది రేడియో సంకేతాలు, మన బండిలో వాడేది శబ్ద తరంగాలు. ఆ తేడా కూడా పిల్లలకి తెలియాలి. ఈ పనుల్లో ఏ పిల్లకైనా సొంత ఆలోచన మెరిస్తే ఇన్‌స్పైర్ మానక్ పథకానికి పంపండి. ఎంపికైతే నమూనా చేసుకోవడానికి పిల్ల ఖాతాలోనే 10,000 రూపాయలు పడతాయి. ఆలోచన మాత్రం ఆ పిల్లదే అయ్యుండాలి. మనం దిద్దేది అక్షరదోషాల వరకే.

ల్యాబ్ లేదా, ఖర్చు పెట్టే దిక్కు లేదా, మూతల బండితో మొదలుపెట్టండి. సోమవారం చెయ్యాలనుకుంటే శుక్రవారమే చెప్పాలి: ఒక్కొక్కరూ నాలుగు మూతలు, అరచేతంత అట్ట, అయిపోయిన రీఫిళ్లు రెండు. అందరూ ఒకే సైజు మూతలు తీసుకురారు. అన్నీ ఒక సంచిలో పోసి, జతలు వాళ్లచేతే ఏరించండి. ముందు చిన్నవి, వెనక పెద్దవి పెట్టుకుంటామంటే పెట్టుకోనివ్వండి, అదీ ఒక మార్పే, గడిలో రాసుకుంటారు. పొడవు టేపు పీఈటీ సార్ దగ్గర ఉంటుంది. ఆదివారం లోపే అడిగి పెట్టుకోండి.